ఏడుపు బొమ్మ కింద చీటీ

“మీ పాప ఇవాళ కూడా పేరుచీటీని ఏడుపు బొమ్మ కిందే గుచ్చిందండీ,” అంది టీచరు, తరగతి గోడ మీది చార్టు చూపిస్తూ. పిల్లలు పొద్దున రాగానే, తమ మనసు ఎలా ఉంటే ఆ బొమ్మ కింద చీటీ పెట్టాలి.

తల్లి మొహం మాడిపోయింది. పక్కనున్న పాప వైపు తిరిగింది. “ఏం తక్కువ చేశామే నీకు? అందరిలో మా పరువు తీస్తావా?”

“తిట్టకండమ్మా. పిల్లల మనసులో ఏముందో తెలుసుకుందామనే ఇది పెట్టాం.”

“తెలుసుకుని ఏం చేస్తారు?”

టీచరు తడబడింది. “పిల్లలతో మాట్లాడటానికి కౌన్సెలర్ని వెయ్యమని పైవాళ్లని ఎన్నోసార్లు అడిగాం. ఎవరూ రాలేదు. అందుకే ఇంట్లోవాళ్లని పిలుస్తున్నాం.”

పాప కుర్చీ ఎక్కి, తన చీటీ పీకి, నవ్వు బొమ్మ కింద గుచ్చింది.

“మా బంగారుతల్లే!” అంది తల్లి, ఊపిరి పీల్చుకుని.

“ఇంకెప్పుడూ అమ్మని పిలవరుగా టీచర్?”

టీచరు చార్టు వైపు చూసింది. మిగతా చీటీలన్నీ ముందే నవ్వు బొమ్మ కింద ఉన్నాయి. ఏడుపు బొమ్మ ఎంచుకున్న ప్రతి పిల్ల తల్లినీ తను ఇలాగే పిలిపించింది. మర్నాడు ఆ చీటీ నవ్వు బొమ్మ కిందికి మారినప్పుడల్లా, పిల్ల కుదుటపడిందని దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

“పిలవనులే అమ్మా,” అంది టీచరు.

ఏడుపు బొమ్మ కింద ఇప్పుడు ఒక్క పేరూ లేదు.