ఎర్ర కండె

"చిటికెడంటే చిటికెడే. ఎక్కువైతే దగ్గు, తక్కువైతే దండుగ," అని తనలో తాను గొణుక్కుంటూ వెంకటరాజం ఇత్తడి గొట్టం మూతిలోకి గంజాయి పొడిని వేలికొనతో అదిమాడు.

రెండు వేళ్లంత పొడుగు గొట్టం. ఒక్క దమ్ముకు సరిపోతుంది, రెండో దమ్ముకు మిగిలేది బూడిదే. గట్టిగా కూరితే గాలాడదు, వదులుగా ఉంటే నిప్పు నోట్లోకొస్తుంది. కొత్తవాడలో ముప్ఫై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్నాడు గానీ, మగ్గం మీద ఏనాడూ ఇంత శ్రద్ధ పెట్టిన పాపాన పోలేదు.

అగ్గిపుల్ల గీయబోతుండగా వంటింట్లోంచి మల్లవ్వ కేకేసింది.

"ఏమయ్యో! మా అన్న బస్సు దిగిండట. వస్తాండు!"

వెంకటరాజం గొట్టం మీద ఎర్ర నూలు గబగబా నాలుగు చుట్లు అడ్డదిడ్డంగా చుట్టి, కండెల డబ్బాలో పడేశాడు. నూలు చుట్టిన కండెలు అందులో వందకు పైనే ఉంటాయి. వాటి మధ్య ఈ గొట్టం కూడా ఒక కండె. బ్రహ్మదేవుడు దిగొచ్చినా పట్టుకోలేడని అతని ధీమా.

మొన్నటి మేడారం జాతరలో నిలువెత్తు బెల్లం తూగి, ఇక గంజాయి ముట్టనని సారలమ్మ గద్దె ముందు మొక్కుకున్నాడు. మొక్కించింది మల్లవ్వే.

"ఇంకోపాలి ఆ గొట్టం నా కంట్ల వడ్డదో, నర్సంపేటకు మా అన్న ఇంటికి పోత. కండెలు నువ్వే సుట్టుకో!" అని ఆనాడే తేల్చి చెప్పింది. ఆ ఇంట్లో కండెలు చుట్టేది ఆమె. ఆమె చెయ్యి ఆగితే మగ్గం ఆగుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆమె లేని ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేడు వెంకటరాజం. ఆ ముక్క పైకి ఎన్నడూ అనలేదు, అంతే.

మొక్కు వారం రోజులు నిలిచింది. ఆ తర్వాత రోజుకొక్క దమ్ము. దారం విప్పడం, పీల్చడం, మళ్లీ చుట్టి డబ్బాలో వేయడం. ఈ మధ్య తన చుట్టుడు చూసి తనకే ముచ్చటేస్తోంది. తీసి చూస్తే అచ్చం మల్లవ్వ చుట్టినట్టే ఉంటోంది మరి! ఒక్కటే బాధ, దూలం మీద దాచిన పొట్లం తొందరగా తరిగిపోతోంది. ఎలుకల పనే. బోను కూడా పెట్టాడు, ఒక్కటీ పడలేదు. గంజాయి తిన్న ఎలుక బోనులోకి ఎందుకొస్తుంది, ఏ మూలో హాయిగా గుర్రుపెడుతూ ఉంటుంది అనుకుని ఊరుకున్నాడు.

మల్లవ్వ అన్న చంద్రమౌళి గడపలో అడుగుపెడుతూనే ముక్కు ఎగబీల్చాడు. ఆబ్కారీలో పనిచేసి రిటైరయ్యాడు గానీ, ఆయన ముక్కు ఇంకా డ్యూటీలోనే ఉంది.

"బావా, ఏందో వాసనొస్తాంది."

"రంగు బావా. కొత్త రంగు. నూలుకు అద్దినం."

"రంగు వాసన నాకెరుకలేదా?" అంటూ చంద్రమౌళి తిన్నగా మగ్గం గదిలోకి నడిచాడు. వెంకటరాజం వెనకే పరుగెత్తాడు. బావగారు దూలం కింద నిలబడ్డాడు, కిటికీ తెరిచాడు, చివరికి కండెల డబ్బా ముందు కూలబడ్డాడు. ఒక్కో కండె తీసి కంటికి ఆనించి, బొక్కలోంచి వెలుతురు చూస్తున్నాడు. పచ్చది అయింది. నీలిది అయింది. చెయ్యి ఎర్రదాని మీద పడింది.

"అన్నా! కండెలెందుకు కలుపుతానవే? నేను వరుసగ పెట్టుకున్న!"

మల్లవ్వ వచ్చి అన్న చేతిలోని ఎర్ర కండె లాక్కుని డబ్బాలో పడేసి, డబ్బా చంకనెత్తుకుంది.

"అది కాదు చెల్లె, బావ మళ్ల మొదలువెట్టిండేమోనని..."

"ఫికర్ చెయ్యకు. సారలమ్మ తల్లికి మొక్కినంక మాట తప్పుతడా? మా ఆయన బంగారం. మీరు కూసోని తినుండ్రి, నూలు జర తడిగుంది, దాబా మీద ఎండకు పెట్టొస్త."

బావలిద్దరూ గారెలు, కోడికూర ముందేసుకుని కూర్చున్నారు. 'థూ, నా బతుకు! ఇంత నమ్మిన మనిషిని మోసం చేస్తున్నానే' అని వెంకటరాజం కళ్లలో నీళ్లు తిరిగాయి. కూర కారమని చెప్పి తుడుచుకున్నాడు.

చాలాసేపటికి మల్లవ్వ దిగొచ్చి, డబ్బా మగ్గం గదిలో పెట్టి, అన్న పక్కన కూర్చుంది. చంద్రమౌళి నూరోసారి చెప్పిన పాత జోకుకు పొట్ట చేత పట్టుకుని నవ్వింది. గారెలు ఒకటి వెనక ఒకటి ఆరు లాగించింది.

"మోకాళ్ల నొప్పులన్నవు, దాబా ఎట్లెక్కినవే?" అన్నాడు అన్న.

"గవ్వెప్పుడో పోయినయ్. నిద్ర గూడ మంచిగ వడ్తాంది. అంతా తల్లి దయ!"

ఆ మాట వెంకటరాజం గుండెల్లో దిగబడింది. తన దొంగ మొక్కుకే అమ్మవారు ఆమె నొప్పులు తీసేసిందా? ఇక లాభం లేదు. బావను బస్సెక్కించి వచ్చేదాకా కూడా ఆగకూడదు, ఇప్పుడే ఆ గొట్టాన్ని వీధి మురుగు మోరీలో పడేయాలి.

చెయ్యి కడుక్కునే వంకతో మగ్గం గదిలోకి దూరాడు. డబ్బాలోంచి ఎర్ర కండె తీశాడు. దారం చుట్టు మీద చుట్టు, వరుస తప్పకుండా ఉంది. పొద్దున తాను అడ్డదిడ్డంగా చుట్టింది గుర్తొచ్చి, గబగబా విప్పి చూశాడు. కూరిన చిటికెడు లేదు.

ఇత్తడి ఇంకా వెచ్చగానే ఉంది.