రెప్పల్లో విడిది

సలోమత్‌కి కళ్లు దురద పెట్టడం మొదలై మూడు వారాలైంది. దిష్టే అనుకుంది. కొడుకు ఇల్హోమ్ పెళ్లి కోసం ఏడుగురు పిల్లల్ని చూసి, ఏడుగురికీ వంకలు పెట్టి వచ్చిన తల్లికి దిష్టి తగలకుండా ఉంటుందా? ఎండు ఇసిరిక్ ఆకు కాల్చి పొగ వేయించుకుంది. దురద తగ్గలేదు సరికదా, దగ్గు తోడైంది.

రేపే ఎనిమిదో సంబంధం. కళ్లేమో అప్పుడే బస్తాడు ఉల్లిపాయలు తరిగినట్టున్నాయి. మార్గిలాన్‌లో తనను ఎరగని గడప లేదు. అందుకే ఊరికి ఆ చివరున్న కంటి ఆసుపత్రికి పోయి, పేరు కూడా వేరేది చెప్పింది.

డాక్టరమ్మ మూతికి గుడ్డ, తలకి టోపీ. పట్టకారుతో రెండు రెప్పవెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"మీరూ చూడండి, పిన్నిగారూ."

సలోమత్ చూసింది. సన్నటి, పొడుగాటి పురుగులు. ఒక్కోదానికీ ఎనిమిదేసి కాళ్లు. నింపాదిగా ఆడిస్తున్నాయి.

"యా అల్లా! నా రెప్పల్లోనా?"

"కాసిని అందరికీ ఉంటాయి. మీ దగ్గర మాత్రం పెళ్లివారు విడిది దిగినట్టు దిగాయి."

"మెల్లగా అను తల్లీ! ఈ సంగతి రేపటివాళ్ల చెవిన పడితే నా పరువేం కాను? మావాడికి ముప్ఫై రెండు నిండాయి. ఈ సంబంధం కూడా తప్పితే ఇక ఈ ఊళ్లో చూడ్డానికి పిల్లలు మిగల్లేదు."

"రోజుకి రెండు పూటలా ఈ నురుగు మందుతో రెప్పల మొదళ్లు కడగండి. దిండు గలీబులు, తువ్వాళ్లు మరిగే నీళ్లలో ఉతకండి. ఆరు వారాలు పడుతుంది. కళ్లకేం పెడుతుంటారు?"

సలోమత్ చేతిసంచిలోంచి వెండి బరిణె తీసింది. మొహం వెలిగింది.

"మా నానమ్మ నాటి సుర్మా. ఇంట్లో ఆడవాళ్లందరం ఇదే పెట్టుకుంటాం. సంబంధం చూడబోయిన చోట పిల్ల కళ్లకీ నా చేత్తో నేనే పెట్టి చూస్తా. సుర్మా పెడితే గాని కళ్ల సంగతి తేలదు."

"అదే పుల్లతోనా?"

"వెండి పుల్లమ్మా!" అంది, వెండి దగ్గరికి పురుగు రావడానికి సిగ్గుపడుతుందన్నట్టు.

"ఏడుగురికీనా?"

"ఏడుగురికీ. ఒక్కదాని కళ్లూ నచ్చితే ఒట్టు."

డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. "ఈ బరిణె ఇవాళే పారేయండి. ఇంకెవరికీ పెట్టకండి."

"పారేస్తా, పారేస్తా" అంటూ సలోమత్ బరిణెను భద్రంగా మళ్లీ సంచిలోనే వేసుకుంది.

"రేపెక్కడికి వెళ్తున్నారు?"

"పట్టు నేసేవాళ్ల వీధిలో, నీలం తలుపుల ఇంటికి. పిల్ల ఏదో ఉద్యోగం చేస్తుందట. ఏదైతేనేం, మా గడప తొక్కాక మానాల్సిందేగా."

డాక్టరమ్మ చీటీ మీద ఏదో రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది.

"మీ అబ్బాయి తువ్వాలు ఎవరు ఉతుకుతారు?"

"నేనే. టీ తాగిన గిన్నె కడిగి ఎరగడు, బంగారుకొండ! కోడలొస్తే అన్నీ అదే చూసుకుంటుంది."

"గలీబులు ఉడకబెట్టడం కూడానా?"

"కోడలంటే మరెందుకమ్మా?"

డాక్టరమ్మ మందు చేతిలో పెట్టి పంపించింది.

మర్నాడు నీలం తలుపులవాళ్లు సలోమత్‌ని పెద్దపీట మీదే కూర్చోబెట్టారు. ముందు పరిచిన గుడ్డ మీద రొట్టెలు, ఎండుద్రాక్ష, మాంసం కూరి కాల్చిన వేడివేడి సమ్సాలు. కాసేపటికి పిల్ల వచ్చింది. పెద్దవాళ్ల ముందు ఎలా రావాలో అలాగే, తల వంచుకుని వచ్చింది. మూడుసార్లు వంగి సలాం చేసి, పింగాణీ గిన్నెలో టీ సగం మాత్రమే పోసి అందించింది.

సలోమత్ మనసు నిండిపోయింది. సగం పోస్తే, మళ్లీ మళ్లీ పోస్తాం కూర్చోండని. అంచుదాకా పోస్తే, తాగి లేవండని. తన ఆడపడుచు వచ్చినప్పుడల్లా తను పోసేది అంచుదాకానే. ఈ పిల్లకి మర్యాద తెలుసు. రొట్టె విరిచి మాట ఖాయం చేసుకోవడమే తరువాయి.

ఒక్క కళ్లు చూసేస్తే సరి. ఎనిమిదో పిల్ల దగ్గరికొచ్చి ఆనవాయితీ తప్పుతామా! కళ్లు నులుముకుని, సంచిలోంచి బరిణె తీసి, పుల్లను సుర్మాలో ముంచింది.

"ఇలా రా తల్లీ. కళ్లొకసారి పైకెత్తు."

పిల్ల కళ్లెత్తకుండానే గిన్నె అందుకుని, టీ అంచుదాకా పోసి, సలోమత్ ముందు పెట్టి మెల్లగా అంది: "ఈ బరిణె పారేయమని నిన్ననే చెప్పాను కదా, పిన్నిగారూ."