గడియారాల బాబాయి చెవి ఆపరేషన్

"ఈ వయసులో మీకు ఆపరేషన్ ఎందుకు బాబాయ్?" నాలుగోసారి చెవి దగ్గరికెళ్లి అరిచాడు డ్రమ్ములవాడు.

"ఎందుకేంట్రా, వినపడ్డానికి!" అన్నాడు గడియారాల బాబాయి.

డ్రమ్ములవాడి బాధ డ్రమ్ములవాడిది. ఊరేగింపుల బ్యాండులో పెద్ద డ్రమ్ము అతనిదే. మధ్యాహ్నం రెండు గంటలు సాధన చెయ్యకపోతే చెయ్యి పట్టు తప్పుతుంది. ఆరేళ్ల కిందట ఇల్లు వెతుక్కుంటుంటే, డ్రమ్ము చూడగానే తొమ్మిది ఇళ్లవాళ్లు మొహం మీదే తలుపేశారు. పదో ఇల్లు బాబాయిది.

ముందు గదిలో గడియారాల రిపేరు కొట్టు. మధ్య గదిలో ఆయన ఇనప మంచం. చివరి గది అద్దెకి. ఒంటరి మనిషి. ఎదురుగా నిలబడి గొంతు చించుకుంటే తప్ప ఏమీ వినపడదు. బాగుచేసిన గడియారాన్ని పళ్లతో కరిచిపట్టి, కళ్లు మూసుకుని, "ఆ, నడుస్తోంది" అనేవాడు. అదో పిచ్చి అలవాటనుకుని నవ్వుకునేవాడు డ్రమ్ములవాడు.

గదిలో చోటు చాలక డ్రమ్మును గోడకి ఆనించి బాదేవాడు. గోడకవతల బాబాయి హాయిగా నడుం వాల్చేవాడు. వెతికినా దొరకని దేవుడు!

ఇప్పుడా దేవుడికి చెవులొస్తున్నాయి. పైగా ఆసుపత్రికి తోడు తనే వెళ్లాలి. తన గొయ్యి తవ్వడానికి తనే గునపం మోసుకెళ్లినట్టుంది.

డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. "కర్ణభేరి వెనక మూడు బుల్లి ఎముకలు గొలుసులా ఉంటాయి. బయటి మాటల్ని లోపలికి చేరవేసేది అవే. ఈయనకి మధ్య ఎముక అరిగిపోయింది. దాని బదులు ఈ లోహపు ముక్క పెడతాం. లోపలి చెవి బంగారంలా ఉంది."

బియ్యపుగింజ కంటే చిన్న ముక్క. బాబాయి కంటికి భూతద్దం తగిలించుకుని మరీ చూశాడు. "పనితనమంటే ఇదిరా!"

"అది జారిపోయే ప్రమాదముందా?" ఆశగా అడిగాడు డ్రమ్ములవాడు.

"గట్టిగా తుమ్మితే జారొచ్చు. మూడు వారాలు జాగ్రత్త. మీరే చూసుకోవాలి మరి."

ఆపరేషనయింది. ఇంటికొచ్చిన రోజే డ్రమ్ములవాడి చూపు ఎండుమిరపకాయల డబ్బా మీద పడింది. నాలుగు కాయలు నూనెలో వేస్తే చాలు, వీధి వీధంతా తుమ్ముతుంది. చెయ్యి డబ్బా దాకా వెళ్లింది.

తల చుట్టూ కట్టుతో మంచం మీదున్న బాబాయి అతన్ని చూసి పసిపిల్లాడిలా నవ్వాడు.

"ఛీ, ఏం బుద్ధిరా నీది!" అని తన్ను తానే తిట్టుకుని, డబ్బా తీసుకెళ్లి పక్కింట్లో ఇచ్చేశాడు. మూడు వారాలూ ఇద్దరూ చప్పిడి కూడే తిన్నారు. డ్రమ్ము జోలికే పోలేదు.

చెవిలో కుక్కిన గుడ్డ తీసే రోజొచ్చింది. డాక్టరమ్మ వెనక నిలబడి మెల్లగా, "ఎలా ఉందండీ?" అంది.

"మీ గొంతు ఇంత సన్నమా అమ్మా? నేనింకా మగరాయుడి గొంతనుకున్నాను" అన్నాడు బాబాయి.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. డ్రమ్ములవాడికి కళ్లు చెమర్చాయి. సగం బాబాయి కోసం, సగం గది కోసం.

పొమ్మనిపించుకోవడం కంటే పోవడమే మర్యాద. ఇంటికి రాగానే బట్టలు సర్దుకుని, డ్రమ్ము భుజానికెత్తుకున్నాడు. గుమ్మంలో బాబాయి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికిరా?"

ఆరేళ్లలో మొదటిసారి మామూలు గొంతుతో చెప్పాడు డ్రమ్ములవాడు. "మీకిక నా డ్రమ్ము వినపడుతుంది కదా బాబాయ్. ఎన్నాళ్లని ఓర్చుకుంటారు?"

"దించు దాన్ని. కూర్చో."

కూర్చున్నాడు.

"ఒరేయ్, ఆ గోడకి తలానించి పడుకుంటే చెవితో పనిలేకుండానే దడదడా నా బుర్రలోకి దిగుతుంది నీ డ్రమ్ము, ఆరేళ్లుగా అదొక్కటే వినీ వినీ, ఈ లోకంలో ఇంకో చప్పుడేదైనా ఉందేమో చూద్దామనేరా ఈ ఆపరేషన్ చేయించుకున్నది!"