ఉప్పేసిన మజ్జిగ

“ఆవిడ మళ్ళీ వచ్చిందండీ,” అన్నాడు గుమస్తా బసవపున్నారావు.

ప్రేమ్‌చంద్‌కి ఒళ్ళు మండింది.

నూజివీడులోని ఆయన మామిడికాయల షెడ్డులో ఏటా మే నెలలో రక్తదాన శిబిరం. ఐదేళ్ళ కిందట తండ్రి శ్రీమన్నారాయణ మొదలుపెట్టాడు. ఆయన పోయాక కొడుకు నడుపుతున్నాడు. పెద్దాయన పెట్టిన నియమం ఒక్కటే: దానం ఇచ్చేదాకా ఎంగిలిపడకూడదు.

“తిని రమ్మనండి మహాప్రభో,” అని నర్సు పద్మ ఏటా మొత్తుకునేది. వింటేగా! ఆవిడ అడిగితే తిన్నామనే చెప్పేవారు అందరూ.

ఈ ముసలమ్మ పేరు జోజమ్మట. ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరూ అడగలేదు. నాలుగేళ్ళుగా క్యాన్ నిండా ఉప్పేసిన మజ్జిగ తెచ్చి మంచాల మధ్య తిరుగుతుంది.

“రెండు గ్లాసులు తాగు నాయనా. కాలుమీద కాలేసి తొడలు బిగబట్టు. వదులు. మళ్ళీ బిగబట్టు. అటు చూడకు, ఇటు చూడు. మీ తోటలో కాపెలా ఉంది ఈయేడు?”

దాతలకిచ్చే పళ్ళరసం ప్యాకెట్ల కోసం వస్తోందని ప్రేమ్‌చంద్ అనుమానం. పోనీలే అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు.

ఈసారి మాత్రం కూతురు తేజస్వి మొదటిసారి రక్తం ఇస్తోంది. పద్దెనిమిది నిండి నెల కాలేదు. తాతగారి పేరున కదా, పొద్దుటినుంచి కాఫీ చుక్క కూడా ముట్టలేదు. జోజమ్మ సరాసరి వచ్చి ఆ పిల్ల నోటికి గ్లాసు అందించింది.

“పరగడుపున వద్దు తల్లీ. ముందిది తాగు.”

“ఏంటమ్మా నీ గోల? నియమం చెడగొడతావా?” ప్రేమ్‌చంద్ గ్లాసు లాగేశాడు.

“నియమం దేవుడు చూసుకుంటాడు బాబూ. పిల్ల ముఖం చూడండి, ఎలా పాలిపోయిందో.”

“పున్నారావ్! ఈవిణ్ణి బయటికి పంపించెయ్!”

జోజమ్మ క్యాన్ అక్కడే వదిలేసి వెళ్ళింది. గేటు దాటాక మాత్రం వెనక్కి తిరిగి అరిచింది.

“పావుగంట లేవనివ్వకండి బాబూ! బండెక్కనివ్వకండి!”

తేజస్వి రక్తం ఇచ్చింది. పద్మ పడుకోమంటున్నా వినకుండా, ఐదు నిమిషాలకే లేచి నవ్వుతూ నాన్న దగ్గరికి బయల్దేరింది.

షెడ్డు మెట్లమీద కళ్ళు తిరిగి పడింది.

తలకి ఎనిమిది కుట్లు. సాయంత్రం ఆ పిల్ల కళ్ళు తెరిచేదాకా ప్రేమ్‌చంద్ ప్రాణం ప్రాణంలో లేదు.

“ఆ మామ్మ మజ్జిగ తాగాల్సింది నాన్నా,” అంది తేజస్వి.

మర్నాడు ప్రేమ్‌చంద్ క్యాన్ పట్టుకుని, వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ ఆవిడ ఊరు చాట్రాయి వెళ్ళాడు. జోజమ్మ గుమ్మంలోనే ఉంది. ఆయన ముఖం చూస్తూనే లేచి ఎదురొచ్చింది.

“పిల్ల పడిపోయిందా బాబూ?”

“పడిందమ్మా. ఇప్పుడు బాగానే ఉంది.”

“బండిమీంచి కాదు కదా?”

“కాదు. మెట్లమీద.”

“ప్రభువు దయ!” అంటూ కూలబడి బావురుమంది.

ముక్కూమొహం తెలియని పిల్ల కోసం ఈవిడ ఇంతలా ఏడవడమేంటో ఆయనకి అర్థంకాలేదు.

“మా అబ్బాయి సందీపుకి ఆ అదృష్టం లేదు బాబూ. పరగడుపునే ఇచ్చాడు. ఇచ్చి వెంటనే బండెక్కాడు. జంక్షన్ దగ్గర కళ్ళు తిరిగి లారీ కింద పడ్డాడు.”

“ఎక్కడిచ్చాడమ్మా?”

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లోపలి గోడవైపు చూసింది.

అక్కడ దండ వేసిన కుర్రాడి ఫొటో పక్కన, ప్రేమ్‌చంద్ తండ్రి పెట్టిన మొదటి శిబిరం ప్రశంసాపత్రం ఫ్రేములో ఉంది, కింద ప్రేమ్‌చంద్ సంతకంతో.