ఎండిన పాదు

అక్కను ఇంట్లోంచి కదిలించాలి. ఆమె పాస్‌పోర్టు వెతకాలి. దారికి నీళ్ళు నింపుకోవాలి. జోర్డాన్ బస్సు బయలుదేరేలోగా మంగఫ్ చేరాలి. షుఐబా నుంచి, కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైనికుల కళ్ళు తప్పించుకుంటూ వచ్చిన పెంచల్ మనసులో ఉన్న పనులివి. ఎండకు కాలుతున్న ఇనుపగేటు తోసేసరికి, అక్క అంకాలమ్మ బకెట్టెత్తి ఎండిన పూలపాదులో నీళ్ళు గుమ్మరిస్తోంది.

పెంచల్‌కు ఒళ్ళు మండిపోయింది.

"మతి పోయిందా అక్కా? తాగను చుక్క ల్యాదు, పాదుకు పోస్తాండావా!"

సైన్యం దిగాక కుళాయిలు ఆగిపోయాయి. ఎండాకాలంలో మేడమీది ట్యాంకు నీళ్ళు చెయ్యి కాలేలా ఉంటాయని, కువైట్ ఇళ్ళలో గీజరు ఆపేసి, దాంట్లో నీళ్ళు చల్లగా నిలవ ఉంచుకుంటారు. ఆ ఇంట్లో మిగిలినవి ఆ గీజరు నీళ్ళే.

"ఇంకో బకెట్టుండాది. అదీ పోసి వస్తా," అంది అంకాలమ్మ.

"ఒక్క మొక్కన్నా బతికిందా ఈడ? జోర్డాన్ దాకా ఎడారే. బస్సులో పసిబిడ్డలుండారు. నువ్వు పనిజేసే ఈ ఇంటామె సెలవులకని లండన్‌లో చల్లగా కూసునింది. ఆమె పూలకు నువ్వు కాపలానా?"

వేడిగాలి గోడ మీదుగా ఇసుకను విసిరికొట్టింది. అంకాలమ్మ ముఖం కప్పుకోలేదు. గబాలున వంగి, ఆరిన చోటల్లా అరచేతులతో అదిమింది.

"ఈ ఇంటి డ్రైవరు నూర్ మహమ్మదే తెలివైనోడు," పెంచల్ పళ్ళు కొరికాడు. "అన్నా అన్నా అంటివే! కారేసుకుని, నిన్నొదిలేసి సౌదీకి పారిపోయినాడు. దొరికితే చెప్పుతో కొడతా."

"నోర్ముయ్‌రా!"

అక్క నోట అంత అరుపు పెంచల్ ఎన్నడూ వినలేదు. అయినా కోపం ఆగలేదు. బకెట్టు లాక్కున్నాడు.

"చెప్పు! ఎవురి కోసం ఈ నీళ్ళు?"

"కారు తాళాలు ఇయ్యలేదని ఇరాకోళ్ళు గేటుకాడనే కాల్చినారు. కబరస్తాన్‌కు తీసకపోనీలేదు. ఈడనే నా చేతనైనంత తవ్వినా, లోతు ల్యాదు. తడారితే గాలికి ఇసుక లేచిపోతాదిరా... నూర్ మహమ్మదన్న ముఖం బయటపడతాది."

రెండో బకెట్టు పెంచలే పోశాడు.

రేపటి నుంచి అక్కడ నీళ్ళు పోసేవాళ్ళు లేరు. ఇది చదువుతున్న మీరైనా నూర్ మహమ్మద్‌ను తలచుకోండి.