రెండో పేటెంటు

కోర్టు మెట్ల మీద ఎవరో హారియెట్ కోటు పట్టుకుని లాగారు.

తిరిగి చూసింది. తలకు తడిసిన స్కార్ఫు కట్టుకున్న ముసలామె. ఎనభై దాటి ఉంటాయి.

"ఆ ఫిట్స్ మాత్రల కేసులో లాయరువి నువ్వేగా, తల్లీ? నా పేరు ఓల్డ్రాయిడ్. బ్రాడ్‌ఫర్డ్ నుంచి వచ్చాను. ఒక్క ఐదు నిమిషాలు..."

"మీకూ నరాల మంటేనా?"

"నాక్కాదు. వెనకటికి మా..."

"ఫిర్యాదులు ఇక్కడ తీసుకోరు మేడమ్. మీ డాక్టర్ని అడగండి."

హారియెట్ గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాత్ర మీద మొదటి పేటెంటు గడువు ఏనాడో తీరిపోయింది. అదే మాత్ర నరాల మంటను తగ్గిస్తుందని తామే కనిపెట్టామంటూ పెద్ద కంపెనీ రెండో పేటెంటు తీసుకుంది. హారియెట్ తరఫు చిన్న కంపెనీ డబ్బా మీద 'ఫిట్స్‌కు' అని మాత్రమే అచ్చేసి చౌకగా అమ్మింది. మందుల షాపులవాళ్ళు మంటకూ అదే ఇచ్చారు.

దావా పడింది.

మర్నాడు ఆఫీసు రిసెప్షన్ నుంచి ఫోను.

"ఓల్డ్రాయిడ్ అట, నిన్న కోర్టు దగ్గర మిమ్మల్ని కలిసిందట. మీకే చెప్పాలట."

హారియెట్ విసుగ్గా తలుపు తీసి అక్కణ్ణుంచే కేకేసింది.

"టీ ఇచ్చి పంపించెయ్యవయ్యా! ముసలాళ్ళ రోగాల కథలు వింటూ కూర్చుంటే కేసెవరు నడుపుతారు?"

ముసలామె అక్కడే కూర్చుని ఉంది. కప్పు మెల్లగా కింద పెట్టింది.

"పని మీదున్నావు. వస్తాను తల్లీ."

హారియెట్ చెవులు ఎర్రబడ్డాయి. క్షమించమందామనుకుంది. ఈలోగా ఇంకో ఫోను మోగింది.

మూడు వారాలకు తీర్పు వచ్చింది.

"ఈ గుణం పేటెంటుకు ముందే ఎవరైనా అచ్చులో చెప్పినట్టు ఒక్క ఆధారమూ చూపలేకపోయారు. కాబట్టి రెండో పేటెంటు చెల్లుతుంది" అన్నాడు జడ్జి.

మంటకు చౌక మాత్ర ఇవ్వడం ఆగిపోయింది.

వేసవిలో ఒక కవరొచ్చింది. సీనియర్ డగ్లస్ అందులోని ఉత్తరం చదివాడు.

"'మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. మొన్న లండన్ వచ్చి లాయరుగారి కోసం రెండుసార్లు తిరిగింది. లాయరుగారికి తీరిక దొరకలేదట, పాపం. ఈ పత్రిక మీకు పంపమంది.'"

కవర్లోంచి పాత పత్రిక తీసి, మడత పెట్టి ఉన్న పేజీ చదివాడు.

"ఇది ఉండుంటే గెలిచేవాళ్ళం, హారియెట్."

"అప్పీల్లో పెడదాం."

"అప్పట్లో మనకు దొరకని సాక్ష్యమైతే పెట్టొచ్చు. గుమ్మంలోకి వచ్చినదాన్ని దొరకలేదని ఎలా అంటాం? వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

ఆ మాట ఆమెకే వినపడలేదు. పత్రిక అందుకుంది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

పేటెంటుకు పదకొండేళ్ళ ముందు అచ్చయిన నర్సుల పత్రిక అది. ఫిట్స్ మాత్ర వేసుకున్న రోగులకు కాళ్ళలో నరాల మంటలూ తగ్గుతున్నాయని లోకానికి మొట్టమొదట చెప్పిన ఆ చిన్న ఉత్తరం కింద 'వి. ఓల్డ్రాయిడ్, వార్డు నర్సు, బ్రాడ్‌ఫర్డ్' అని ఉంది.