పొగ గుంజే పంకా

తెర వెనకాల దిల్షాద్ మళ్ళీ దగ్గింది.

నజీర్ చేతిలో సోల్డరింగ్ ఐరన్ అక్కడికక్కడే ఆగిపోయింది. రేడియోలో టంకం సగమే పడింది. ఐరన్ కొసన లేచిన పొగ బల్ల మీద కాసేపు తచ్చాడి, మెల్లగా తెర వైపే సాగింది. ఆ ఇంటికి ముందుగది రేడియో రిపేరు కొట్టు, వెనకగది కాపురం. మధ్యన ఉన్నదల్లా ఆ తెరే. ఇన్నేళ్ళూ తానొక్కడే పీల్చిన పొగ కాబట్టి నజీర్ దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు రంజాన్ వెళ్ళాక కట్టుకొచ్చిన పిల్ల పీలుస్తోంది.

"మీ ఇంటామెనా?" అన్నాడు జంగప్ప. తన రేడియో పలికేదాకా కదిలేది లేదని మర్పల్లి నుంచి వచ్చి స్టూలు మీద కూర్చున్న పెద్దమనిషి ఆయన. "పొద్దట్నుంచి ఆ దగ్గు ఇంటున్న. జర దవాఖానల చూపియ్యి నజీర్ భాయ్. మా చిన్నమ్మకు గూడ గిట్ల పొడిదగ్గుతోనే షురువైంది. ఆఖరికి గుట్ట మీదికి తీస్కపోయినం."

వికారాబాదులో గుట్ట అంటే అనంతగిరి. గుట్ట మీదికి అంటే క్షయ దవాఖానాకు. ఆ మాట వినగానే నజీర్ ఐరన్ పక్కన పడేసి తెర తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"ఏమైంది? నీళ్ళియ్యాల్నా?"

"నాకేమైతది?" దిల్షాద్ చాయ్ కప్పు అందించింది. "తాగుండ్రి, సల్లారిపోతది."

పైగా నవ్వింది కూడా. కొత్త పిల్ల, రోగం సంగతి నోరు తెరిచి చెప్పుకోలేక నవ్వుతోంది అనుకున్నాడు నజీర్. ఆ నవ్వు చూశాక అతనికి భయం రెట్టింపైంది. చాయ్ అక్కడే పెట్టి కొట్టులోకి వచ్చేశాడు.

లెక్క సరిగ్గా సరిపోతోంది మరి. కొట్టు మూసే శుక్రవారం ఆమె దగ్గదు. రాత్రి పడుకున్నాక దగ్గదు. కొట్టు తెరిచి, గిరాకీ వచ్చి, ఐరన్ వేడెక్కిందంటే చాలు, దగ్గు మొదలు. పొగ కాక ఇంకేమిటి? ఊరి రేడియోలన్నీ బాగుచేస్తూ ఇంట్లో మనిషిని పాడుచేస్తున్నానని తనను తానే తిట్టుకున్నాడు.

దవాఖానాకు పోదామంటే దిల్షాద్ ససేమిరా అంది. దాంతో మర్నాడే తాండూరు రైలెక్కి, రాధాకిషన్ సేట్ కరెంటు సామాను దుకాణం ముందు దిగబడ్డాడు.

"ఇంట్ల సోల్డరింగ్ పని సేట్. పొగ నిలవొద్దు. ఏం పెట్టాలె?"

రాధాకిషన్ ముందుగా టేబుల్ ఫ్యాను చూపించాడు.

"ఇది నా మొకం మీది పొగను కొడ్తది సరే, ఎటు కొడ్తది? తెర దిక్కే గద. వద్దు."

"అయితే గోడకు పెట్టే ఎగ్జాస్ట్ తీస్కో. పొగను గుంజి బయట పడేస్తది." రాధాకిషన్ రెండు రకాలు బల్ల మీదికి దించాడు. "గీ చిన్నది తిరుగుతున్నదో లేదో గూడ తెల్వది. గంత నిమ్మళం. గీ పెద్దది హోటల్లోళ్ళు వంటింట్ల పెడ్తరు. గుంజుడు మస్తుంటది. గని చప్పుడు చూడు."

స్విచ్చి వేశాడు. బీరువా అద్దాలు గడగడలాడాయి. గుమస్తా ఏదో అన్నాడుగానీ ఏమన్నాడో ఎవరికీ తెలియలేదు.

నజీర్ దారిలో కొన్న ఊదుబత్తి వెలిగించాడు. చిన్న పంకా ముందు పెడితే పొగ కొంచెం అటు పోయి, కొంచెం ఇటు వచ్చింది. పెద్దదాని ముందు పెడితే ఒక్క పోగు మిగలకుండా లోపలికి పోయింది.

"ఇదే ఇయ్యి సేట్."

"జర సోచాయించుకో భాయ్. ఇంట్ల మాటలు గూడ ఇనపడవు."

"ఇనపడకుంటే మానె. ఊపిరి ఉండాలె గద."

బల్ల ఎదుటి గోడకు కన్నం కొట్టించి, ఐరన్ పెట్టే చోటికి జానెడు దూరంలో పంకా బిగించాడు. ఇదేందని దిల్షాద్ అడిగితే "నీకోసమే" అన్నాడు. ఆమె సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయింది.

తెల్లారి పంకా వేసి పనిలో కూర్చున్నాడు. గిరాకీవాళ్ళు అరిచి చెప్పాల్సి వచ్చినా, పొగ మాత్రం లేచింది లేచినట్టే గోడలోకి పోతోంది. నజీర్ చేతులు రేడియో మీద, చెవులు తెర మీద. దగ్గు లేదు. ఇంకాసేపు ఆగి చూశాడు. లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది, అప్పటికీ లేదు. గుట్ట మీద నుంచి పిల్లను చెయ్యిపట్టి దించుకొచ్చినంత సంబరమైంది అతనికి.

ఆ రోజు పలకని రేడియో కోసం మళ్ళీ వచ్చిన జంగప్ప చెవి దగ్గరికి వంగి అరిచాడు. "ఇంటామెకు నిమ్మళమైనట్టుందే?"

"పూరా తగ్గింది," అని అంతకన్నా గట్టిగా అరిచాడు నజీర్.

అప్పుడు సర్రున తెర పక్కకు జరిగింది. గిరాకీ ముందుకు ఎన్నడూ రాని దిల్షాద్ ఓణీ ముఖం మీదికి లాక్కుని వచ్చి, టక్కున పంకా స్విచ్చి ఆపేసింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నజీర్ చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏమైంది దిల్షాద్? దగ్గు ఎక్కువైందా?"

ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. "పరాయోళ్ళ ముందట పేరు వెట్టి పిలువలేక ఇన్నొద్దులు దగ్గి పిలుస్తున్న, ఇయ్యాల బువ్వకు రమ్మని గొంతు పోయేదాకా దగ్గినా ఇనపడకుంట గీ పంకా ఎందుకు పెట్టుకున్నరు?"